కూర్చోబెట్టిన మర్యాద

మా కోడలు నలభై ఏడో ఏట ఉద్యోగంలో చేరింది. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అందులో రక్త పరీక్షలు చేసే ల్యాబు. చేరిన రోజు సాయంత్రం తాడేపల్లిగూడెం స్టేషను నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చి, చెప్పులింకా విప్పకుండానే, "చాలా మంచివాళ్లండి అత్తయ్యగారూ. వెళ్లగానే నాకు కుర్చీ వేసేరు" అంది.

ఆ ల్యాబులో అందరూ నిలబడే పని చేస్తారట. ఆమెతోపాటు అదే రోజు చేరిన ఇద్దరు ఆడపిల్లలకు కుర్చీ లేదు. నాకూ సంతోషమే వేసింది. పెద్దదాన్ని పెద్దదానిలా చూశారు అనుకున్నాను. కొల్లేటి ఊళ్లో నాలుగో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. ఆఫీసుల్లో మర్యాద ఎప్పుడు మర్యాదో, ఎప్పుడు కాదో నాకేం తెలుసు?

ఆ ఉద్యోగం ఆమెకు దారిలో దొరికింది కాదు. మావారికి కిడ్నీలు పాడై మంచం పట్టిన నాలుగేళ్లూ ఆయన్ని పరీక్షలకు తిప్పింది కోడలే. మా అబ్బాయిది మోటార్లు చుట్టే షాపు, వదిలి రావడం కుదరదు. రక్తం తీసేవాళ్లు ఆయన చేతిలో నాలుగైదు చోట్ల పొడిచి నరం దొరకలేదనేవారు. ఒకతను మాత్రం వేలితో ఒకసారి తడిమి ఒక్క పోటుతో తీసేవాడు. అతని దగ్గరికే తీసుకెళ్లమని మావారు పట్టుబట్టేవారు. కోడలు పక్కన నిలబడి అతని చేతుల వంకే చూసేదట. ఆయన పోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, "నేను ల్యాబు కోర్సు చదువుతానండి" అంది.

"నీ కూతురు చదువుకునే వయసులో నువ్వు చదువుతావా?" అన్నాను.

"దాని పుస్తకాలు అది చదువుతుంది, నావి నేను చదువుతానండి."

"నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. వాళ్ల నోరు వాళ్లది."

దాచడమెందుకు, నీకు వయసైపోయిందని ఆమెతో మొట్టమొదట అన్న మనిషిని నేనే. ఆమె మాత్రం ఇంటర్ చదివి పాతికేళ్లు దాటాక మళ్లీ సంచీ భుజాన వేసుకుని రెండేళ్లు ఏలూరు రైల్లో తిరిగింది. కాలేజీలో తెల్లకోటు కావాలన్నారు. కొత్త గుడ్డ నేను కొననివ్వలేదు. మావారి పెట్టెలో మడత విప్పని పంచెలు రెండుంటే వాటితో కుట్టించాను. తోటి పిల్లల కోట్లు అట్టముక్కల్లా నిలబడితే ఆమెది ఒంటికి అంటుకుపోయేది. అయినా ఒక్కనాడూ సణగలేదు. రెండేళ్లూ గడిచాయి, పాసయింది.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు ల్యాబు ఇన్‌చార్జి, ముప్పై దాటీ దాటని మనిషి, కాగితాలు తిరగేసి, "ఇంట్లో హాయిగా ఉండక ఈ వయసులో మీకెందుకండీ ఈ తిప్పలు?" అన్నాడట.

"ఇంట్లో హాయిగా ఉంటుందని మీకెవరు చెప్పేరండీ?" అందట మా కోడలు.

అతను నవ్వేశాడు. చేర్చుకున్నాడు. ఆర్నెల్లు పని చూస్తారు, నచ్చితే పర్మనెంటు, లేదంటే లేదు. అదీ ఒప్పందం. ఆ పర్మనెంటు కాగితం కోసం ఆమె ఎంత ఆశ పెట్టుకుందో ఇంట్లో అందరికీ తెలుసు. నోరు తెరిచి ఒక్కసారైనా అనకపోయినా తెలుసు.

మొదటి నెలంతా కుర్చీ గురించి చెప్పింది. రెండో నెల్లో ఆ మాట తగ్గింది. మూడో నెల్లో ఒకరోజు కూర తరుగుతూ, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండా అంది: "నన్ను పని చెయ్యనివ్వడం లేదండి అత్తయ్యగారూ."

"ఎవరు?"

"అందరూనండి. ట్రే పట్టుకుంటే చాలు, 'మీకెందుకండీ శ్రమ, ఇలా ఇవ్వండి' అని తీసేసుకుంటారు. లేచి నిలబడితే 'కూర్చోండి ఆంటీ' అంటారు. పొద్దస్తమానం పేర్లు రాయడం, గొట్టాలకి లేబుళ్లు అంటించడం. పొద్దున్న జనం మరీ ఎక్కువైతే నలుగురైదుగురి రక్తం నా చేతికొస్తుంది, అంతే. తిట్టి లాక్కుంటే తగువు పెట్టుకోవచ్చు. అండీ అని లాక్కుంటే ఏం చెయ్యనండీ?"

"జీతం ఇస్తున్నారు, కుర్చీ ఇస్తున్నారు. కూర్చో" అన్నాను నేను.

ఆమె నా వంక ఒకసారి చూసి, వంకాయలు నీళ్లలో వేసుకుంది.

ఆరో నెల మధ్యలో నాకు కళ్లు తిరగడం మొదలైంది. ఎలాగూ పరీక్ష చేయించాలి కదా, మన మనిషి ఉన్న చోటే చేయించుకుందామని ఏలూరు బయల్దేరాను. కోడలు రైల్లోనే చెప్పింది: "అక్కడ నా అత్తగారినని చెప్పకండేం. ఇంటి వాళ్లని వెంటేసుకొచ్చిందంటారు." సరేనన్నాను. నా అదృష్టం కొద్దీ ఆ పొద్దున్న జనం కిటకిటలాడారు, నా చెయ్యి ఆమె వంతుకే వచ్చింది. ఒక్క పోటు. చీమ కుట్టినట్టు కూడా లేదు. ఊదా మూత ఉన్న చిన్న గొట్టంలోకి రక్తం పట్టి, మూత బిగించి, దాన్ని పట్టుకుని గబగబా ఊపింది. ఎంత శ్రద్ధ అనుకున్నాను.

మర్నాడు ల్యాబు నుంచి ఫోను. "మీ రక్తం మళ్లీ ఇవ్వాలండి."

ఆ రోజు కోడలికి సెలవు, భీమడోలులో పుట్టింటికి వెళ్లింది. రెండోసారి రైలు టిక్కెట్టు కొనాలంటే నాకు ఒళ్లు మండింది. అయినా ఒక్కదాన్నే వెళ్లాను. బల్ల దగ్గర ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లకి కాటుక, చేతులకి తొడుగులు.

"ఎందుకమ్మా మళ్లీ?"

"మెషిను కొంచెం ఇబ్బంది పెట్టిందండి మామ్మగారూ."

"మెషిను ఇబ్బంది పెడితే మెషిన్ని బాగు చేయించుకోండి. నా చెయ్యి పొడవడమెందుకు?"

"అది కాదండి…"

"గూడెం నుంచి రెండు రోజుల్లో రెండుసార్లు వచ్చాను. నిజం చెప్పు. లేకపోతే మీ పెద్దాయన్ని పిలుస్తాను."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మెషిను కాదండి. నిన్న మీకు రక్తం తీసేరే, ఆ ఆంటీ. ఆవిడ తీస్తే శాంపిల్ పాడైపోతుందండి. గొట్టాన్ని గట్టిగా ఊపేస్తారు. రక్తం లోపల చితికిపోయి లెక్కలన్నీ తప్పు వస్తాయి. ఆవిడ తీసినవన్నీ మేం గుట్టుగా మళ్లీ తీసుకుంటామండి."

"ఎన్నాళ్ల నుంచి?"

"చేరిన కాణ్ణుంచీనండి."

"మరి ఆవిడకి చెప్పలేదే?"

"అయ్యబాబోయ్, పెద్దావిడండి! మా అమ్మ కంటే పెద్ద. నేను తప్పు పడితే ఏం బావుంటుందండీ? బాధపడతారు పాపం."

"చెప్పకపోతే బాగుంటుందా?"

"ఇంకెన్నాళ్లులెండి. పది రోజుల్లో ఆర్నెల్లు అయిపోతాయి. సార్ ఏదో మంచిమాట చెప్పి పంపించేస్తారు. మీరు ఆవిడతో అనకండేం మామ్మగారూ."

ఆ పిల్ల ముఖంలో ఎక్కడా చెడ్డ లేదు. అదే నన్ను భయపెట్టింది. చెడ్డవాళ్లయితే నాకు మాట్లాడటం తెలుసు. "రేపు వచ్చి ఇస్తాను" అని చెప్పి లేచి వచ్చేశాను.

తిరుగు రైల్లో చాలాసేపు ఆలోచించాను. చెప్పడమా, మానడమా? చెప్పకపోతే, పది రోజుల్లో వాళ్లు శాలువా కప్పినంత మర్యాదగా పంపిస్తారు, ఆమె తల ఎత్తుకునే ఇంటికొస్తుంది, తనకు పని రాలేదన్న సంగతి ఎన్నటికీ తెలియదు. చెబితే ఆ తల నేనే దించినదాన్ని అవుతాను. కానీ చెప్పకుండా ఊరుకుంటే నేను వేసేది కూడా ఒక కుర్చీయే కదా? ఇంకో కుర్చీ వెయ్యడం నా వల్ల కాదనుకున్నాను. బండి గూడెం చేరేలోపు మనసు ఒక దారికి వచ్చింది.

సాయంత్రం ఆమె ఇంటికి రాగానే, గుమ్మంలోనే మొత్తం చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆమె నిలబడే విన్నది.

"ఏవందండీ ఆ పిల్ల? 'చితికిపోయి' అందా?"

"ఆ, అదే మాట."

"ఊపడం వల్లేనంటండీ? ఇంకేమైనా అందా?"

"ఊపడమే అంది."

గదిలోకి వెళ్లి కాలేజీ నోటుపుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టింది. నాకు వచ్చిన నాలుగు అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. 'మూత పెట్టిన తరువాత బాగా కలపవలెను.' అంతే రాసి ఉంది.

"బాగా అంటే నేను గట్టిగా అనుకున్నానండి" అంది. "మనింట్లో బాగా కలుపు అంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా కదండీ."

ఆ మాట నాదే. ఆవకాయ కలిపినా, పిండి కలిపినా, పాతికేళ్లుగా ఆమె వెనక నిలబడి "బాగా, బాగా" అన్న గొంతు నాదే.

ఆమె పుస్తకం మూసింది. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొదటి రోజే చెప్పుంటే మొదటి రోజే ఊపడం మానేద్దును కదండీ. ఇన్నాళ్లు! పాపం ఎంతమందికి రెండోసారి గుచ్చేరో."

ఆమె ఏడుపు తన ఉద్యోగం కోసమనుకున్నాను. కాదు, రెండోసారి గుచ్చిన చేతుల కోసం. ఆ మనిషిని నేను అప్పుడు కొత్తగా చూశాను.

"రేపు నేను వచ్చి వాళ్లని దులిపేస్తాను" అన్నాను.

"మీరు రండి. మాట మాత్రం నేను మాట్లాడతాను. మీరు చెయ్యి తెచ్చుకోండి చాలు."

మర్నాడు ఇద్దరం కలిసే వెళ్లాం. బల్ల దగ్గర కాటుక పిల్ల మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన చూసి కొయ్యబారిపోయింది. నేనెవరో దానికి అప్పుడు అర్థమైంది. కోడలు నేరుగా ఇన్‌చార్జి ముందు నిలబడింది.

"సార్, నేను తీసిన శాంపిల్స్ మళ్లీ తీస్తున్నారంట కదండీ."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ ఆంటీ? కూర్చోండి. టీ తాగుతారా?"

"కూర్చోనండి. నాతో చేరిన పిల్లలిద్దరికీ మొదట్లో ఏవీ పాడవ్వలేదాండీ?"

"అయ్యేయి. కొత్తలో అందరికీ అవుతాయి."

"అప్పుడేం చేసేరండీ?"

"ఏం చేస్తాం, తిట్టేం."

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

అతను నవ్వాడు. "మిమ్మల్నెలా తిడతామండీ, పెద్దవారు. అయినా మీ వయసుకి ఈ నిలబడే పని…"

"నా వయసు దరఖాస్తులో రాసేను సార్. చూసే తీసుకున్నారు. వాళ్లకి ఆర్నెల్లు పని నేర్పేరు. నన్ను ఆర్నెల్లు కూర్చోబెట్టేరు. ఇప్పుడు పని రాదని పంపిస్తే ఆ తప్పు ఎవరిదండీ?"

గొంతు ఒక్క పిసరు కూడా పెంచలేదు. మా వైపు తగువు కూడా అండీలతోనే నడుస్తుంది. కానీ ల్యాబులో చేతులన్నీ ఆగిపోయాయి. ఇన్‌చార్జి నవ్వు కూడా ఆగింది.

"ఈవిడ మా అత్తగారు" అంది కోడలు నన్ను చూపించి. "మళ్లీ రక్తం ఇవ్వమని మీరే పిలిచేరు. నేనే తీస్తాను. ఈ అమ్మాయి పక్కన నిలబడి తప్పు చెప్పాలి. మీరు చూడండి."

నేను చెయ్యి చాపాను. రబ్బరు పట్టీ కట్టింది. కాటుక పిల్ల పక్కన నిలబడి "బావుందండి… బావుందండి ఆంటీ" అంటోంది. సూది దిగింది, గొట్టం నిండింది.

"పట్టీ ఇంకా విప్పలేదు నేను. అదీ బావుందా?" అంది కోడలు.

పిల్ల పెదవి కొరుక్కుంది. "విప్పాలండి."

"మరి చెప్పవేం? నోరెందుకు దేవుడిచ్చింది?"

పట్టీ విప్పి, సూది తీసి, దూది నా చేత్తో నన్నే పట్టుకోమని, గొట్టం అందుకుంది. రాత్రంతా అనుకునే ఉంటుంది ఊపకూడదని. కానీ ఆర్నెల్ల అలవాటు, పాతికేళ్ల అలవాటు, చెయ్యి దాని దారిన అది గబుక్కున లేచింది.

"అయ్యయ్యో, ఆపండి! అదేవన్నా మజ్జిగా అండీ అలా చిలికేస్తున్నారు?"

పిల్ల అరిచిన అరుపుకి వరండాలో జనం తొంగి చూశారు. అది నాలుక కరుచుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మా కోడలి ముఖం చూడాలి. పెళ్లి పీటల మీద కూడా అంత వెలుగు నేను చూడలేదు.

"అదీ! అలా చెప్పాలి. ఇప్పుడు చూపించు."

పిల్ల జంకుతూనే ఆమె మణికట్టు పట్టుకుంది. నిద్రపోతున్న పసిబిడ్డను ఒత్తిగిలించినట్టు, గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, ఎనిమిది సార్లు తిప్పించింది. కోడలు పెదవులు కదుపుతూ లెక్క పెట్టుకుంది. చిన్న పిల్ల చేతిలో పెద్ద చెయ్యి అలా తిరుగుతుంటే నేను దూది నొక్కుకోవడం మరిచిపోయాను, రక్తం చీర మీద పడింది.

ఇన్‌చార్జి చాలాసేపు టేబుల్ మీది కాగితాలు సర్దాడు. చివరికి "ఇంకో మూడు నెలలు చూద్దామండి. బల్ల దగ్గరే నిలబడండి" అన్నాడు.

ఆ ఇద్దరు పిల్లలకు ఆర్నెల్లకే కాగితం ఇచ్చారు, ఆమెకు తొమ్మిది నెలలన్నారు. అది న్యాయమని నేననను. కోడలితో అదే అన్నాను. "అన్యాయమేనండి. కానీ పని చేతికొచ్చాక పోట్లాడితే ఒక అందం" అంది. కుర్చీని ఆ పూటే తనే ఈడ్చుకెళ్లి వరండాలో రోగుల వరసలో పెట్టేసింది.

తర్వాత మూడు నెలలూ మా ఇంట్లో సాయంత్రాలు తిట్లతో గడిచాయి. ఆమె తిన్న తిట్లు. "ఇవాళ మూడండి" అంటూ వచ్చేది. కాటుక పిల్లకు తిట్టడం మొదట్లో వచ్చేది కాదట, నేర్చుకుంది. "మీకసలు బుద్ధుందా అండీ, లేబుల్ తిరగేసి అంటించేరు!" అందట ఒకరోజు. ఆ అండీ దగ్గర మా అబ్బాయి కూడా పొలమారేలా నవ్వాడు. ఇంకో రోజు ఇన్‌చార్జే అన్నాడట, "కళ్లజోడు ఇంట్లో పెట్టి వస్తే మనుషుల్ని పొడుస్తారా, గోడల్ని పొడుస్తారా?" అని. ఆ మాటకి మాత్రం కొంచెం నొచ్చుకుంది. రెండో జోడు కొని సంచీలో వేసుకుంది. వారాలు గడిచేకొద్దీ తిట్లు రెండయ్యాయి, ఒకటయ్యాయి. ఒక వారం ఒక్కటీ లేదు. "ఏవైందో, నన్ను మళ్లీ గౌరవిస్తున్నారేమోనని భయంగా ఉందండి" అంది.

నేను డెబ్బై దాటినదాన్ని. వంటలో ఉప్పెక్కువైందని మావారు అంటే, ఆయన నాలుక మీద నెపం వేసినదాన్ని. ఒకరి చేత తప్పు అనిపించుకోవడం నాకు ఈ వయసుకీ చేతకాలేదు. మనిషి పెద్దయ్యే కొద్దీ తప్పు చెప్పేవాళ్లు తగ్గిపోతారు, అది గౌరవమని మనం మురిసిపోతాం. ఆమె వెళ్లి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదాన్ని బతిమాలి, తప్పులు చెప్పించుకుంది. అంత ధైర్యం మా ఇంట్లోగానీ ఆమె పుట్టింట్లోగానీ ఎవరికీ లేదు, మగవాళ్లతో సహా.

తొమ్మిదో నెల్లో ఆసుపత్రి వాళ్లు కొల్లేటి లంక గ్రామంలో ఉచిత పరీక్షలు పెట్టారు. ఇన్‌చార్జి నలుగురి పేర్లు చదివాడు, ఆమె పేరు లేదు. చెరువు గట్ల మీద నడవాలండీ, మీరు వద్దు అన్నాడట. "నడవలేకపోతే అక్కడే వదిలేసి రండి, అది మా అత్తగారి పుట్టింటి వైపే, ఎవరో ఒకరు అన్నం పెడతారు" అందట. తీసుకెళ్లక తప్పలేదు. తెల్లవారుజామునే వ్యాను ఎక్కి, రెండు వైపులా చేపల చెరువులున్న గట్టు మీద దిగి, బడి వరండాలో నిలబడి, వలలు లాగి మొద్దుబారిన చేతుల్లో నరాలు వెతికి, వచ్చినవాళ్లలో సగానికి సగం రక్తం ఆమే తీసింది. వాళ్లలో ఒక్కరినీ రెండోసారి పిలవలేదు.

ఆ తర్వాతి సోమవారం ల్యాబులో ఇద్దరు రాలేదు, పొద్దుట్నుంచీ ఆమె బల్ల దగ్గర నిలబడే ఉంది. పొద్దుపోయాక ఇంటికొచ్చి సంచీలోంచి కాగితం తీసి నా చేతికిచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నాకేం తెలుస్తుంది? కింద సంతకం మాత్రం గుర్తుపట్టాను, పైన తన పేరు ఆమే వేలు పెట్టి చూపించింది.

"వచ్చిందా?"

"వచ్చిందండి."

అలాగే గోడకి వీపు ఆనించి నేల మీదకి జారి కూర్చుంది. కాళ్లు చాపింది. నా ఎదుట కాళ్లు చాపి కూర్చోవడం అదే మొదలు.

"అన్నం పెట్టండి అత్తయ్యగారూ. లేచే ఓపిక లేదు."

పెళ్లయి ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నాతో అనలేదు, నేను అననివ్వనూలేదు. మోకాళ్లు పట్టుకుని లేచాను.

"ఆసుపత్రి నుంచి వచ్చావు. చేతులు కడుక్కోకుండానే తింటావా?" అన్నాను.

చెంబుతో నీళ్లు, ఖాళీ పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టాను. కడుక్కోవడానికి రెండు చేతులూ చాపింది. నీళ్లు నేనే పోశాను.